తొమ్మిదో భాగంతో ఆగిపోయిన ఓడ

మొన్న వేసవిలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు పిల్లలు అడ్రసు వెతుక్కుంటూ నాచారంలో మా ఇంటికి వచ్చారు. చల్లటి నీళ్లు తాగి, ఫోను బల్ల మీద పెట్టి, "ఆంటీ, ఆ సీరియల్ ఎందుకు ఆపేశారు?" అని అడిగారు. వాళ్లు పుట్టకముందు వచ్చిన సీరియల్ అది. ఎవరో పాత వీడియో క్యాసెట్లో పట్టిన నాలుగు భాగాలను ఇంటర్నెట్‌లో పెట్టారట. వాటి కింద జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారట. పైనుంచి ఎవరో పెద్దలు ఆపించారని ఒకాయన రాశాడట. డైరెక్టరు గారు విరక్తి పుట్టి హిమాలయాలకు వెళ్లిపోయారని ఇంకొకాయన రాశాడట.

"ఆయన రామంతాపూర్‌లోనే ఉన్నారు. పొద్దున్నే చెరువు వైపు నడకకు వెళ్తారు" అన్నాను. ఆ అమ్మాయి కొంచెం నిరాశపడినట్టు కనిపించింది.

వాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే అందులో నేనున్నాను. ఇప్పుడు ఛానళ్లలోనూ, ఫోన్లలో వచ్చే సిరీసుల్లోనూ పనిచేసే చిన్నవాళ్లు మీలో కొందరైనా ఉంటారు కదా. మీకోసం రాస్తున్నాను.

మా నాన్న మౌలాలిలో రైల్వే ఉద్యోగి. నేను టైపు నేర్చుకుని, నాచారంలోని ఒక స్టూడియోలో టైపిస్టుగా చేరాను. నా పనిలో తప్పులుండవని పేరొచ్చాక నన్ను సెట్ మీదికి పంపారు, కంటిన్యూటీ చూడడానికి. పొద్దున తీసిన షాటులో హీరోయిన్ జడ కుడి భుజం మీద ఉంటే, మధ్యాహ్నం తీసిన దాంట్లో కూడా కుడి భుజం మీదే ఉండాలి. గ్లాసులో పాలు ఎంత ఉన్నాయి, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నారు, అన్నీ నా పుస్తకంలో రాసుకోవాలి. రాసినదాన్ని మార్చకూడదు. ఇరవై ఏళ్లకు పైగా అదే చేశాను. ఇంట్లో కూడా చెంబు జరిగి ఉంటే నాకు తెలిసిపోయేది.

తొంభైల మధ్యలో ప్రైవేటు ఛానళ్లు కొత్తగా వచ్చాయి. అందులో ఒకదానికి డైరెక్టరు గారు ఇరవై ఆరు భాగాల కథ ఒప్పించారు. ఆయనది విజయవాడ వైపు. అంతకుముందు పొలాల గురించి, చెరువుల గురించి చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీసేవారు. కథ ఇది: భూమి నుంచి ఒక ఓడ బయల్దేరుతుంది. అందులో మన తెలుగు కుటుంబాలే కొన్ని. వాళ్లు వెళ్లే గ్రహం ఎంత దూరమంటే, బయల్దేరినవాళ్లు చేరరు, వాళ్ల మనవలు చేరతారు. మన కథ మొదలయ్యేటప్పటికి భూమిని చూసినవాళ్లలో ఒక్క ముసలామె మాత్రమే మిగిలి ఉంటుంది. మిగతావాళ్లంతా ఓడలో పుట్టినవాళ్లే. వాళ్లకు వాన తెలియదు, దుమ్ము తెలియదు, కాకి తెలియదు.

ఓడను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఫ్యాక్టరీలు పారేసిన సామానుతో కట్టారు. గోడలకు రేకు డ్రమ్ముల మూతలు, పైకప్పుకు కూలర్ల జాలీలు. కెప్టెన్ ముందుండే మీటర్ల బల్ల ఏదో మందుల కంపెనీ నుంచి వచ్చింది. దానికి ఎంత కడిగినా పోని ఒక వాసన ఉండేది. కెప్టెన్ వేషం వేసినతను డైలాగుకు ముందు ముక్కు గోక్కునేవాడు. అది ఆలోచిస్తున్నట్టుగా ఉందని చూసినవాళ్లు మెచ్చుకున్నారు.

సైన్సు తప్పులు దొర్లకుండా చూడడానికి ఉప్పల్‌లో ఉండే ఒక రిటైర్డ్ శాస్త్రవేత్తను పెట్టుకున్నారు. జీవితమంతా రాళ్లను, భూమి పొరలను చదివిన మనిషి. అందరం సారు అనేవాళ్లం. గొడుగు పట్టుకుని నడిచి వచ్చేవారు. పైసా తీసుకోకుండా, రెండు టీలకు పనిచేశారు. అంతరిక్షంలో చప్పుడు ఉండదు కాబట్టి ఓడ వెళ్తున్నప్పుడు సంగీతం వేయొద్దని పట్టుబట్టింది ఆయనే. మొదటి భాగంలో నలభై సెకన్లు ఏ శబ్దమూ లేకపోయేసరికి, మా కాలనీలో సగం మంది టీవీ చెడిపోయిందనుకుని పైన కొట్టారు. నీళ్ల లెక్క కూడా ఆయనదే. ఓడలో ఉన్న నీళ్లనే తిప్పి తిప్పి వాడుకోవాలి కాబట్టి తాగడానికి, పంటకు మాత్రమే సరిపోతాయి. స్నానం తడిగుడ్డతో. బట్టలు ఏదో కాంతిలో ఆరేసి దులుపుకోవడమే.

ఇంతకీ ఆ సీరియల్‌ను స్పాన్సర్ చేసినవాళ్లు బట్టలుతికే పొడి తయారుచేసేవాళ్లు.

నవ్వకండి. మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు, ఏడో భాగం తీసే రోజు దాకా.

ఆ రోజు తీసిన సీను ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. ముసలామె వేషం వేసినావిడ జనగామ వైపు నుంచి వచ్చిన నాటకాల మనిషి. చిన్నప్పటినుంచి స్టేజి మీద బతికిన ఆవిడ. అందరినీ బిడ్డా అని పిలిచేది. సీనులో మనవరాలు ఒక పాత పాటలో విని అడుగుతుంది, "అమ్మమ్మా, బట్టలు ఉతకడం అంటే ఏంటి?" అని. దానికి జవాబుగా డైరెక్టరు గారు అర పేజీ డైలాగు రాశారు. పెద్దావిడ చదివి పక్కన పెట్టింది.

"సారూ, ఇన్ని మాటలు వద్దు. నన్ను జేసి సూపియ్యనీ" అంది.

కెమెరా నడుస్తుంటే ఆవిడ కొంగు నడుముకు దోపి నేల మీద కూర్చుంది. లేని బండ మీద లేని చీర పరిచింది. సబ్బు రుద్దింది. మడత పెట్టి, ఎత్తి, బండకేసి కొట్టింది. రెండో దెబ్బకు నిజంగానే నీళ్లు మొహం మీద పడ్డట్టు కళ్లు మూసింది. పిండింది, దులిపింది, రెండు చేతులతో ఎత్తి ఆరేసింది. ఆ తర్వాత తన ఖాళీ చేతులు చూసుకుని, మనవరాలి మొహం తుడిచింది. సీను అంతే. కట్ చెప్పడం డైరెక్టరు గారు మర్చిపోయారు. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కదల్లేదు.

నేను మాత్రం నా పుస్తకంలో, అంచున, "స్పాన్సర్?" అని రాసుకున్నాను. టీ బ్రేకులో డైరెక్టరు గారికి చూపించాను.

ఆయన నవ్వారు. "చివరి భాగం టైపు చేసింది నువ్వే కదమ్మా. ఓడ దిగగానే నది, ముసలామె నదిలో దిగి అరవై ఏళ్ల మురికి ఉతుకుతుంది. అది చూశాక ఆ కంపెనీ వాళ్లే వచ్చి మనకు దండ వేస్తారు."

నిజమే, చివరి భాగం నాకొక్కదానికే తెలుసు. కాగితం మధ్యలో కార్బన్ కూడా పెట్టనివ్వకుండా నాతో ఒకే కాపీ టైపు చేయించి, ఇంటికి పట్టుకుపోయారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. గ్రహం చేరతామో లేదో నటులకు తెలియకపోతేనే వాళ్ల మొహాల్లో ఆ భయం నిజంగా ఉంటుందని ఆయన నమ్మకం. అంత పెద్ద రహస్యం నా దగ్గర ఉండడం నాకు గర్వంగానే ఉండేది. కెప్టెన్ వేషగాడు ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేదాన్ని.

ఏడో భాగం బుధవారం సాయంత్రం వచ్చింది. ముసలామె ఖాళీ చేతులు చూసుకుంటున్న షాటు మీద బ్రేకు పడింది. మరుక్షణం టీవీ నిండా నురగ. బకెట్టు, తెల్లటి చొక్కాలు, నవ్వే ఇల్లాలు. మా ఇంట్లో మా అమ్మ ముందు ఏడ్చి, వెంటనే నవ్వింది. ఊరంతా అలాగే నవ్వి ఉంటుంది.

స్పాన్సర్ కంపెనీ మేనేజరు మమ్మల్ని కలవడానికి వచ్చే మంగళవారం వస్తానని కబురు పెట్టాడు. సోమవారమే వచ్చేశాడు. బొంబాయిలో మీటింగు ముందుకు జరిగిందట, మధ్యాహ్నం రైలు అందుకోవాలట. ఆ రోజు షూటింగు లేదు. డైరెక్టరు గారు, సారు కలిసి కొత్త గ్రహం సీన్లకు రాళ్లు చూడడానికి స్కూటరు మీద కీసర గుట్టకు వెళ్లారు. చేతిలో ఫోన్లు లేని రోజులు. గుట్ట మీద ఉన్న మనిషిని పిలవడానికి దారి లేదు. ఆఫీసులో నేనూ, బట్టల కొలతలకు వచ్చిన పెద్దావిడా ఉన్నాం.

మేనేజరు నలభై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. అరుస్తాడేమోనని భయపడ్డాను. అరవలేదు. పెద్దావిడను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"అమ్మా, మీరు ఉతికినట్టు మా ప్రకటనల్లో ఎవరూ ఉతకలేదు" అన్నాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా, నీళ్లు లెవ్వాయె" అంది ఆవిడ.

ఆయన నవ్వి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "చూడమ్మా, నాకు ఈ కథ ఇష్టం. కానీ ఎల్లుండి మా పెద్దల ముందు కూర్చోవాలి. వాళ్లకు తెలుగు రాదు. వాళ్ల చెవిన పడింది ఒక్కటే, మన డబ్బుతో తీసే సీరియల్లో మనుషులు బట్టలే ఉతకరని. వాళ్లకు చెప్పడానికి నాకు ఒక్క ముక్క కావాలి. ఈ కథలో ఎప్పుడైనా, ఎక్కడైనా, వీళ్లకు నీళ్లు దొరుకుతాయా?"

నా పుస్తకం ఒళ్లో ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకున్నాను. గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. అలవాటు కొద్దీ అదీ గమనించాను.

"నాకు తెలియదు సార్" అన్నాను.

"మీరు కంటిన్యూటీ చూస్తారు కదా. మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"డైరెక్టర్ గారికే తెలుసు సార్."

పెద్దావిడ నా మొహంలోకి చూసింది. స్టేజి మీద బతికిన మనిషి, అబద్ధాన్ని గుర్తుపట్టకుండా ఉంటుందా. మేనేజరు టీ తాగాడు. పన్నెండున్నర దాకా గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత బ్యాగు తీసుకుని, "డైరెక్టరు గారు వస్తే నాకు ఈ నంబరుకు ఫోను చేయమనండి" అని చీటీ ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆయన ఆటో మలుపు తిరిగాక పెద్దావిడ అడిగింది, "దొరుకుతయా బిడ్డా నీళ్లు?"

"నన్ను అడగొద్దమ్మా" అన్నాను.

"సరే తియ్" అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

డైరెక్టరు గారు నాలుగున్నరకు వచ్చారు. ఒళ్లంతా దుమ్ము. మొహం ఎండకు కమిలిపోయింది. జరిగిందంతా చెప్పి చీటీ ఇచ్చాను. పరుగెత్తి ఫోను అందుకుంటారనుకున్నాను. ఆయన ఆ చీటీని చాలాసేపు చూశారు.

"నది సంగతి చెప్పావా?"

"లేదండీ. చెప్పొద్దన్నారు కదా."

"మంచిదమ్మా" అన్నారు. అంతే. ముఖం కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఆ తర్వాతైనా ఫోను చేశారో లేదో నాకు తెలియదు. నా మీద కోపాన్ని దిగమింగుతున్నారనుకున్నాను. ఆ "మంచిదమ్మా" నన్ను ఏళ్ల తరబడి పొడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

తొమ్మిదో భాగం వచ్చిన మర్నాడు ఛానల్ నుంచి ఉత్తరం వచ్చింది. స్పాన్సర్ తప్పుకున్నారు, ఆ సమయంలో సినిమా పాటల కార్యక్రమం వేస్తున్నాం అని రెండు వాక్యాలు. ఓడను విప్పేశారు. రేకు మూతలు ఎవరి ఇళ్లకు వాళ్లు పట్టుకుపోయారు. డైరెక్టరు గారు ఆ తర్వాత కుటుంబ సీరియళ్లు తీశారు. బాగా నడిచాయి. నేను వాటికి కూడా గుండీలు, గ్లాసులు రాసుకున్నాను.

అసలు విచిత్రం ఆపేశాక మొదలైంది. ఉత్తరాలు. నడుస్తున్నప్పుడు వారానికి ఏ పదో వచ్చేవి. ఆగిపోయాక స్టూడియో గేటు దగ్గర కార్డులు గంపలో పోసేటన్ని వచ్చాయి. రైల్వే క్వార్టర్ల పిల్లలు, హాస్టల్ అమ్మాయిలు, కరీంనగర్ నుంచి ఒక మండలాఫీసు గుమాస్తా, ఒంగోలు నుంచి ఒక లెక్కల మాస్టారు. అందరిదీ ఒకే ప్రశ్న. వాళ్లు చేరారా లేదా. ఒక పాప అయితే, "మనవరాలికి ఉతకడం నేర్పడానికి అమ్మమ్మ బతికే ఉంటుందా" అని అడిగింది.

వాటిని పారేయమన్నారు. నేను ఇంటికి తీసుకెళ్లాను. పోస్టాఫీసులో కార్డులు కట్టగా కొని, రోజూ స్టూడియో నుంచి రాగానే కూర్చుని జవాబులు రాశాను. చేరారు, నది ఉంది, అమ్మమ్మ బతికే ఉంది, నీళ్లలో దిగి బట్టలు ఉతికింది, రాళ్ల మీద ఆరేసింది. అడగాల్సిన మనిషి అడిగినప్పుడు దాచిన ముక్కను, మొహం తెలియని వాళ్లందరికీ పంచిపెట్టాను. డైరెక్టరు గారికి చెప్పలేదు. దాదాపు ఏడాది రాశాను.

నేను రిటైరయ్యాక కొన్నేళ్లకు, మా కాలనీలో నీళ్ల ట్యాంకర్ల గొడవ మీద అసోసియేషన్ మీటింగు పెట్టారు. వారానికి రెండే ట్యాంకర్లు వస్తే బట్టలు ఎట్లా ఉతుక్కోవాలని ఆడవాళ్లు నిలదీస్తున్నారు. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు తరఫున ఒక పెద్దమనిషి లేచి మెత్తగా మాట్లాడాడు. గొంతును బట్టి గుర్తుపట్టాను, ఆనాటి సబ్బుపొడి మేనేజరే. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మీటింగయ్యాక వెళ్లి పరిచయం చేసుకున్నాను.

"ఆ రోజు తెలియదన్నది మీరే కదా" అన్నాడు వెంటనే. ఆయనా మర్చిపోలేదు.

అప్పుడు చెప్పాను, నది సంగతి. ఇన్నేళ్ల తర్వాత, ట్యాంకరు పైపు పక్కన నిలబడి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అరవై ఏళ్ల మురికి. ఆ ఒక్క వాక్యం నా చేతిలో ఉంటే చాలు. మా వాళ్లు చివరిదాకా వదిలేవాళ్లు కాదు. ఆ సీనునే ప్రకటనగా వాడుకుందామనేవాళ్లు." నా మొహం చూసి సర్దుకున్నాడు. "అదొక్కటే అనను లెండి. పాటల కార్యక్రమం ఎక్కువమంది చూస్తారని ఛానల్ వాళ్లూ అంటున్నారు. వాళ్లు ఎట్లాగూ ఏదో ఒకరోజు ఆ సమయం ఖాళీ చేయమనేవాళ్లే. కానీ ఆ వారం మాత్రం ఆగేది కాదు."

ఆ రాత్రి నిద్రపట్టలేదు అని రాయాలనుంది కానీ, నిజానికి బాగానే పట్టింది. ఎందుకు ఆగిందో తెలియకపోవడమే నన్ను ఇన్నాళ్లూ తిన్నది. తెలిశాక, అది నా తప్పే అయినా, ఒక రకంగా తేలికపడ్డాను. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి రామంతాపూర్ వెళ్లాను, ఒప్పుకోవడానికి.

డైరెక్టరు గారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. మేనేజరు చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పాను. "మీరు ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇన్నేళ్లూ మీ ఎదుట తలెత్తలేకపోయాను" అన్నాను.

ఆయన పేపరు మడిచారు. "అయ్యో. నువ్వు అట్లా అనుకున్నావా? నాకు నీ మీద కోపం ఎందుకమ్మా. ఆ రోజు నువ్వు చెప్పి ఉంటే అబద్ధం చెప్పినట్టయ్యేది. అప్పటికే నది లేదు."

నాకు అర్థం కాలేదు.

"కీసరలోనే దాన్ని కథలోంచి తీసేశాను. ఎండలో ఆ బండల మధ్య నిలబడితే సారు అన్నారు, దిగిన చోటే నది ఉండడం సినిమా అదృష్టం, నిజంగా అయితే రాయి ఉంటుందని. నిజమే అనిపించింది. వాళ్లు దిగుతారు, నీళ్లుండవు, తవ్వడం మొదలుపెడతారు. అక్కడ కథ ఆగుతుంది. అది ఎంత బాగుందో అనుకుంటూ స్కూటరు మీద వచ్చాను. వచ్చేసరికి నువ్వు చీటీ ఇచ్చావు. ఏమని ఫోను చేయను ఆయనకు? చివరిదాకా ఉతకరని చెప్పాలి. అందుకే చేయలేదు. తప్పు ఎవరిదైనా ఉంటే నాది. ఆ బండలది."

నేను మోసిన తప్పు నాది కాదని తెలిసినందుకు సంతోషపడాలి. కానీ నాకు వేరే భయం పట్టుకుంది.

"మరి నేను అందరికీ నది ఉందని రాశానండీ" అన్నాను. కార్డుల సంగతి మొదటిసారి చెప్పాను. కరీంనగర్ గుమాస్తా, ఒంగోలు మాస్టారు, ఆ పాప. ఆయన కదలకుండా విన్నారు.

"నేను తీయలేదు కదమ్మా" అన్నారు. "నేను మనసులో మార్చుకున్నది ఎవరు చూశారు? నువ్వు రాసిందే వాళ్ల దగ్గరుంది. అయితే చేరినట్టే. నది ఉన్నట్టే." కుతూహలంగా ముందుకు వంగారు. "ముసలామె మొదట తన పెళ్లి చీర ఉతుకుతుందని కదూ నేను రాసింది?"

"మీరు చీరే రాశారు. నేను మనవరాలి గౌను అని రాశాను. ఆ పిల్ల పక్కనే కూర్చుని తనూ ఒక దెబ్బ కొట్టిందని రాశాను."

"నువ్వు మార్చావా?" అన్నారు ఆయన. ఇరవై ఏళ్లలో నేను ఒక గుండీ కూడా మార్చలేదని ఆయనకు తెలుసు.

"మార్చానండీ."

ఆయన పేపరు మళ్లీ విప్పారు, కానీ చదవలేదు. "గౌనే బాగుంది" అన్నారు.